పంటినొప్పికి పెద్దల మాత్ర.. పిల్లలకు ముప్పు

గరివిడి: పిల్లలు పంటినొప్పితో ఏడుస్తుంటే ఇంట్లో మిగిలిన పెద్దల మాత్రను సగం విరిచి వేయడం ప్రమాదకరం. పిల్లలకు మోతాదును బరువును బట్టి నిర్ణయించాలి. పారాసిటమాల్‌ ఒక విడతకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములే ఇవ్వాలి. విడతల మధ్య కనీసం 4 గంటల వ్యవధి ఉండాలి. రోజుకు 4 విడతలు మించరాదు. 12 ఏళ్లలోపు వారికి నిమెసులైడ్‌ వాడకాన్ని కేంద్రం 2011లో నిషేధించింది. వైద్యుడు చెప్పనిదే 16 ఏళ్లలోపు వారికి ఆస్పిరిన్‌ వేయరాదు. దీనివల్ల మెదడు, కాలేయం దెబ్బతినే అవకాశముంది. టెట్రాసైక్లిన్‌ను 8 ఏళ్లలోపు వాడితే శాశ్వత దంతాలపై మరకలు ఏర్పడతాయి. పన్ను తీయించే ముందు పిల్లల బరువు, పడని మందులు, ఆస్తమా, గుండెజబ్బు వివరాలను దంతవైద్యునికి తెలపాలి. దవడ వాచినా, జ్వరం వచ్చినా మాత్రలతో సరిపెట్టక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.