మెదడు కణితుల్లో జన్యు వ్యక్తీకరణ: మైనపు దిమ్మ చెప్పేది ఎంత?

మిడుతూరు మండలం నుంచి మెదడు కణితితో బయలుదేరే రోగికి మొదటి మజిలీ సాధారణంగా కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. ఆ తర్వాత హైదరాబాదు, లేదా బెంగళూరు నిమ్హాన్స్. శస్త్రచికిత్సలో తీసిన ముక్క మైనపు దిమ్మగా మారి చాలాసార్లు రోగి వెంటే ఊళ్లు తిరుగుతుంది. మెదడు ఆధార కణాల కణితులైన గ్లయోమాల్లో జన్యువుల నడతను మార్చే ముఖ్యమైన మార్పులు కొన్ని ఆ దిమ్మపై మామూలు యాంటీబాడీ పరీక్షతోనే బయటపడతాయని ఈ వ్యాసం వాదన. డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల నడతను మార్చే గుర్తుల శాస్త్రం, అంటే ఎపిజెనెటిక్స్, అంతా మహానగరాల సరంజామా అనే మాట సగమే నిజం.

గ్లయోమాల్లో అతి తీవ్రమైన గ్లయోబ్లాస్టోమాలో ఐడీహెచ్1 జన్యువు ఉత్పరివర్తనాలను 2008లో గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం ఒకే చోట జరుగుతాయి: ప్రోటీన్ 132వ స్థానంలో ఆర్జినైన్ పోయి హిస్టిడిన్ వస్తుంది. మారిన ఎంజైము 2-హైడ్రాక్సీగ్లూటరేట్‌ను పోగుచేస్తుందని 2009లో తేలింది. డీఎన్ఏపై మిథైల్ గుర్తులను తొలగించే టెట్ ఎంజైములకు ఈ పదార్థం అడ్డుపడుతుంది. తుడిచేవాళ్లు లేక గుర్తులు జన్యుపదార్థమంతా పేరుకుంటాయి.

మిథైలేషన్ పెరిగితే జన్యువులు మూగబోతాయన్నది పాఠ్యపుస్తకం మాట. కానీ 2016లో బోస్టన్‌లో బ్రాడ్లీ బెర్న్‌స్టీన్ బృందం దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ చూపింది. సీటీసీఎఫ్ అనే ప్రోటీన్ డీఎన్ఏకు అతుక్కుని జన్యువుల పరిధుల మధ్య హద్దు కడుతుంది. అది కేసీ కాలువ కింది మడిగట్టు లాంటిది. మిథైల్ గుర్తులు పేరుకున్న చోట సీటీసీఎఫ్ నిలవలేదు, గట్టు తెగుతుంది. ఎఫ్ఐపీ1ఎల్1 జన్యువు పక్కనున్న ఎన్‌హాన్సర్ (జన్యువును ఉత్తేజపరిచే డీఎన్ఏ భాగం) ఉత్తేజం పొరుగునున్న పీడీజీఎఫ్ఆర్ఏకు పారుతుంది. కణవిభజనను పురిగొల్పే ఈ జన్యువులో ఒక్క అక్షరం మారకపోయినా దాని వ్యక్తీకరణ పెరుగుతుంది. మిథైలేషన్‌ను తగ్గించే మందు ఇస్తే హద్దు కొంతవరకు తిరిగి నిలబడింది. ఐడీహెచ్ సక్రమంగా ఉన్న కణాల్లో ఆ హద్దును క్రిస్పర్‌తో చెరిపితే పీడీజీఎఫ్ఆర్ఏ పెరిగింది. కారణాన్ని రెండు వైపుల నుంచీ నిరూపించిన ఇలాంటి ప్రయోగాలు ఈ రంగంలో తక్కువ.

పిల్లల మెదడుకాండపు కణితుల్లో కథ తలకిందులు. అక్కడ డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ హెచ్3 ప్రోటీన్‌లో 27వ లైసిన్ మెథియోనిన్‌గా మారుతుందని 2012లో వెల్లడైంది. హిస్టోన్‌పై జన్యువులను అణచే గుర్తు వేసే పీఆర్‌సీ2 ప్రోటీన్ల సముదాయం స్తంభించి, ఆ గుర్తు చెరిగిపోతుంది.

ఐడీహెచ్1లోని ఆ మార్పునూ, హిస్టోన్ మార్పునూ దిమ్మపై యాంటీబాడీలతో చూడవచ్చు. మరో యాంటీబాడీ ఏటీఆర్ఎక్స్ ప్రోటీన్ లోపాన్ని పట్టిస్తుంది. డీఎన్ఏ గాయాలను మరమ్మతు చేసే ఎంజీఎంటీ జన్యువు సంగతి వేరు. దాన్ని నడిపించే ప్రమోటర్ భాగం మిథైలేట్ అయితే, కీమోథెరపీ మందు టెమోజోలోమైడ్ చేసిన గాయాన్ని కణం మరమ్మతు చేసుకోలేదు. 2005లో మోనికా హేగీ బృందం అధ్యయనంలో, రేడియేషన్‌తోపాటు ఈ మందు పొందినవారి మధ్యస్థ జీవితకాలం మిథైలేషన్ ఉంటే 21.7 నెలలు, లేకుంటే 12.7 నెలలు. ఇక్కడ ప్రోటీన్‌కు వేసే రంగు నమ్మదగింది కాదు. డీఎన్ఏ పరీక్షే చేయాలి, అది రాష్ట్రం దాటి పోవాల్సివచ్చినా సరే.

మన రోగులు ఎక్కువగా వెళ్లే బెంగళూరులోనే కుమారవేల్ సోమసుందరం బృందం 2013లో గ్లయోబ్లాస్టోమా రోగుల భవితవ్యాన్ని అంచనా వేసే 9 జన్యువుల మిథైలేషన్ జాబితాను ప్రచురించింది. పరిశోధనగా అది విలువైనదే. రోజువారీ రిపోర్టులోకి మాత్రం ఇంకా రాలేదు.

2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ మారిన పెద్దల కణితిని ఇక గ్లయోబ్లాస్టోమా అనరు. 55 ఏళ్లలోపు రోగికి యాంటీబాడీ ఫలితం నెగెటివ్ వస్తే సీక్వెన్సింగ్ చేయాలి, ఎందుకంటే అరుదైన ఐడీహెచ్ మార్పులు ఆ రంగుకు దొరకవు. 2024 ఆగస్టులో అమెరికా, మారిన ఐడీహెచ్ ఎంజైమును అడ్డుకునే వొరాసిడెనిబ్ మందును ఐడీహెచ్ మారిన రెండో గ్రేడు గ్లయోమాలకు ఆమోదించింది. కాబట్టి ఈ పరీక్ష ఇప్పుడు చికిత్సను కూడా నిర్ణయిస్తుంది.

జిల్లా స్థాయి పాథాలజీ విభాగాలకు విన్నపం ఇదే: ప్రతి గ్లయోమా రిపోర్టులో ఐడీహెచ్1, ఏటీఆర్ఎక్స్ ఫలితాలు, పిల్లల్లోనూ మధ్యరేఖ కణితుల్లోనూ హిస్టోన్ ఫలితం తప్పక రాయండి. దిమ్మను రోగి చేతికి ఇచ్చేటప్పుడు దాని సంఖ్యను డిశ్చార్జి కాగితంపై నమోదు చేయండి.