ఉష్ణదేశపు చీమలు: విన్నమాట, కన్నమాట

చీమను చూడని తెలుగువాడు లేడు. చీమ యేమి చేయుచున్నదో నిలిచి చూచినవారు మాత్రము మిక్కిలి యరుదు. బెల్లపుకుండను నీటిపళ్లెములో నుంచవలెనని మన గృహిణు లెఱుగుదురు. వాకిట బియ్యపుపిండితో ముగ్గు పెట్టుట చీమలకు పిడికెడు తిండి పెట్టుటయని పెద్దలు చెప్పుదురు. చీమలు పుట్టలు పెట్టుననియు, వానిలో పాములు చేరుననియు చిన్ననాటనే మనమందఱము వినియుందుము. కాని మన చేలగట్ల మీదను అడవులలోను మనిషియెత్తు లేచెడి మంటిపుట్టలను కట్టునవి చీమలు కావు, చెదలు. చెదలకును చీమలకును జ్ఞాతిత్వము లేదు. చెదలు బొద్దింకల చుట్టములు. చీమలు కందిరీగల చుట్టములు. ఒక్క గునపపు పోటుతో తేలిపోవు సంగతి యిది. అయినను వినికిడియే మనకు ప్రమాణమైనది, గునపము మూల నున్నది.

ఈ లోపము మనయొక్కరిది కాదు. క్రీస్తునకు పూర్వ మయిదవ శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు, హిందూదేశపుటెడారిలో నక్కలకన్న పెద్దవియు కుక్కలకన్న చిన్నవియునగు చీమలు కలవనియు, అవి నేలను త్రవ్వి బంగారపు ఇసుకను పైకి తెచ్చుననియు వ్రాసెను. పారసీకులు చెప్పగా విన్నానని ఆయనయే యొప్పుకొనియున్నాడు. మన మహాభారత సభాపర్వమునందును ధర్మరాజునకు ఉత్తరదేశీయులు తెచ్చిన కానుకలలో పిపీలికములు త్రవ్విన బంగారము పేర్కొనబడినది. రెండువేల సంవత్సరములకు పైగా ఈ కథ దేశదేశములు తిరిగినది. ఉష్ణదేశముల చీమలను గూర్చిన జ్ఞానచరిత్రమంతయు, ఇట్టి విన్నమాట వెనుకకు పోయి కన్నమాట ముందునకు వచ్చిన చరిత్రమే. ఆ మార్పునకు తొలి సాక్షులలో నొకరు స్త్రీ యనుట మన చదువరులు, విశేషించి మన సోదరీమణులు, గుఱుతుంచుకొనదగిన సంగతి.

ఆమె పేరు మరియా సిబిల్లా మేరియన్. 1647లో జర్మనీదేశపు ఫ్రాంకుఫర్టునందు జన్మించినది. చిత్రలేఖనము ఆమె జీవనము, పురుగులను పెంచి వాని రూపాంతరములను చూచుట ఆమె వ్రతము. భర్తను విడిచి తన కష్టార్జితముపై జీవించుచు, తాను వ్రాసిన చిత్రముల నమ్మి ప్రయాణవ్యయమును కూర్చుకొని, 1699లో తన యేబది రెండవయేట చిన్నకుమార్తెను వెంటబెట్టుకొని ఆమె దక్షిణ అమెరికాలోని సురినామునకు ఓడ నెక్కెను. అది నాడు డచ్చివారి చెఱకుతోటల దేశము. ఆఫ్రికానుండి తెచ్చిన బానిసల చెమటతో నడుచు దేశము. ఆ దేశమున చక్కెర దక్క మఱేదియో వెదకుచున్నదని తోటల యజమానులు తన్ను పరిహసించిరని ఆమె వ్రాసికొన్నది. అడవిలో ఆమెకు దారి నఱకినవారును బానిసలే; వారి పేరులు మనకు దక్కలేదు. జబ్బుపడి 1701లో ఆమె తిరిగి వచ్చెను. 1705లో ఆంస్టర్డాము నగరమున అరువది చిత్రపటములతో ఆమె గ్రంథము వెలువడినది.

అందు పదునెనిమిదవ పటమున జామకొమ్మ యొకటి కలదు. దానిపై ఆకులను కత్తిరించు చీమలు, ఒండొరుల దేహములను పట్టుకొని వంతెన కట్టు చీమలు, చిన్నపక్షిని చంపు పెద్ద సాలెపురుగు చిత్రింపబడినవి. ఈ చీమలు ఒక్కరాత్రిలో చెట్టు నంతయు చీపురుకట్టవలె మోడు చేయుననియు, కత్తెరవంటి కోరలతో ఆకులు తెంపి క్రిందికి జారవిడువగా క్రిందివి వానిని గూటికి మోయుననియు, ఆ ఆకులు తమ కొఱకు కాక పిల్లల పోషణము కొఱకనియు ఆమె వివరించెను. ఏట నొకమాఱు లెక్కకు మిక్కిలియగు దండుగా వెడలి, ఇండ్లలో గదిగదియు తిరిగి కనబడిన ప్రాణినెల్ల చంపుననియు, మనుష్యులు సైతము ఇల్లు విడిచి పోవలసి వచ్చుననియు వ్రాసెను. ఆకులు కోయు జాతియు, దండు వెడలు జాతియు వేఱువేఱని ఆమె గుర్తింపలేదు. కాని చూచిన చేష్టలు నిజములు.

పండితులు నమ్మలేదు. నూటయిరువది తొమ్మిదేండ్ల పిమ్మట, 1834లో, లాన్స్‌డౌన్ గిల్డింగ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు సురినామున అడుగిడకయే ఆమె పటముల నొకటొకటిగా తప్పుపట్టెను. పక్షిని తిను సాలీడు ఆడుదాని కట్టుకథయని పలువురు నవ్విరి. తుదకు అమెజాను నదీతీరముల పదునొకండు సంవత్సరములు గడపిన హెన్రీ వాల్టర్ బేట్సు, చెట్టుబోదె తొఱ్ఱలో రెండు చిన్నపక్షులను పట్టియున్న పెద్దసాలీడును తన కన్నులార చూచి 1863లో ప్రకటించెను. చూచిన స్త్రీమాటకన్న చూడని పురుషునిమాట బరువుగా తూగిన ఆ త్రాసు మన సమాజములో నేడును చెల్లుచునే యున్నదని మేము తలచుచున్నాము.

ఇక ఆ ఆకులేమగుచున్నవి? బేట్సువంటి నిపుణుడు కూడ, నేలలోని గూటిద్వారములకు పైకప్పు వేయుటకై చీమలు ఆకులు మోయునని యూహించెను. ఈ చిక్కు విప్పినవాడు విశ్వవిద్యాలయ పండితుడు కాడు. థామస్ బెల్టు అను గనుల ఇంజనీరు 1868 మొదలు 1872 వఱకు నికరాగువాదేశమున బంగారుగనిని నడుపుచు, తన తోటను పాడుచేయు చీమల గూళ్లను త్రవ్వి చూచెను. గదులలో ఆకులు ఆకులుగా లేవు. నమిలిన గోధుమరంగు ముద్దపై తెల్లని బూజు దట్టముగా పెరిగియున్నది. ఆకు లెరువనియు, బూజు పంటయనియు, చీమలు శిలీంధ్రములను సేద్యముచేసి తినుచున్నవనియు ఆయన 1874లో తన గ్రంథమున సిద్ధాంతీకరించెను. ఆ గ్రంథములోనే మఱియొక ముచ్చట కలదు. చీమలబారు ఒకటి ట్రాముబండి పట్టాలను దాటుచుండగా బండ్లు పోయినప్పుడెల్ల అనేకము నలిగిపోవుచుండెను. కొంతకాలమునకు అవి పట్టాల క్రింద సొరంగములు త్రవ్వుకొనెను. బండ్లు నడువని వేళ బెల్టు ఆ సొరంగములను రాళ్లతో మూసి చూడగా, చీమలు పట్టాలపైకి ఎక్కక క్రొత్త సొరంగములు త్రవ్వుటకే పూనుకొనెను.

బెల్టు ఊహను ఋజువు చేసినవాడు ఆల్ఫ్రెడ్ మెల్లర్. బ్రెజిలులోని బ్లూమెనౌ ప్రాంతమున పరిశోధించి, ఆ బూజుతీగెల కొనలు చిన్న ఉండలుగా ఉబ్బుననియు, చీమలు వానినే తినుననియు 1893లో చూపెను. 1898లో వాన్ ఈరింగ్, రెక్కల ఆడచీమ పుట్టిల్లు విడిచి ఎగిరిపోవునప్పుడు నోటిసంచిలో ఆ బూజును రవంత దాచుకొనిపోవునని కనిపెట్టెను. క్రొత్త కాపురమునకు పోవు పిల్ల పెరుగుతోడును వెంట తీసికొనిపోయినట్లున్నది. ఆ చిటికెడు బూజునుండి ఎంత సంసారము పెరుగునో మారియో ఔతువోరి బ్రెజిలులో త్రవ్వి లెక్కించెను: ఒక్క గూటిలో 1,920 గదులు, అందు 238 తోటలు, పైకి మోసిన మన్ను సుమారు 40 టన్నులు. 1999లో కామెరాన్ కర్రీ మఱియొక విశేషమును తెలిపెను. ఈ తోటలకు తెగులు పట్టింపు కలుపుబూజు వేఱొకటి కలదు. దానిని చంపు మందును పుట్టించు సూక్ష్మజీవులను చీమలు తమ దేహములపైననే పెంచుకొనుచున్నవి. ఈ సేద్యము ఆరుకోట్ల అరువది లక్షల యేండ్ల నాడు మొదలైనదని 2024లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. మనుజుని వ్యవసాయమునకు పదిపండ్రెండు వేల యేండ్లు మాత్రమే. మన దేశమున చీమలు గాక పుట్టలలోని చెదలు ఇట్టి సేద్యము చేయును. వానలకు పుట్టపై లేచు పుట్టగొడుగు ఆ తోటలోని పంటయే. పేరు పెట్టిన మన పూర్వులు చక్కగా చూచిరి. వారి తరువాతివారు త్రవ్వలేదు.

దండుచీమల సంగతియు ఇట్లే తేలినది. 1932 మొదలు పనామాలోని బర్రో కొలరాడో ద్వీపమున థియొడోర్ ష్నైర్లా వానిని వెంబడించి తిరిగెను. ఆ చీమలకు కట్టిన గూడు లేదు. లక్షల చీమలు కాళ్ల కొక్కెములతో ఒండొంటిని పట్టుకొని తమ దేహములతోనే గూడగును. ఇంచుమించు రెండు వారములు దినదినము బస మార్చును, పిమ్మట మూడు వారములు కదలక యుండును. ఈ క్రమమునకు సేనాని యాజ్ఞ కారణము కాదు, రాణి యాజ్ఞయు కాదు. పిల్లపురుగులు ఆకలిగొన్నప్పుడు దండు కదలును; అవి గూళ్లలో నిదురించినప్పుడు నిలుచును. మనము రాణియని పిలుచునది గ్రుడ్లు పెట్టు తల్లి మాత్రమే. ఈ దండునకు బెదరి పాఱు పురుగులను పట్టి తినుచు జీవించు పక్షులు కలవు. ఇట్లు ఒక్క జాతి దండుచీమల నాశ్రయించి మూడువందలకు పైగా ప్రాణిజాతులున్నవి. అడవిని తునకలుగా నఱకినచోట దండునకు చోటు చాలదు. దండు పోగా ఆ పక్షులును పోవుచున్నవి. బ్రెజిలున మానౌసు నగరమునకు ఉత్తరమున ఒంటరిగా విడువబడిన అడవితునకలలో పండితులు దీనిని స్పష్టముగ చూచిరి.

ఉష్ణదేశములందు చీమజాతుల వైవిధ్యమెంతయో తెలుపుటకు ఒక్క లెక్క చాలును. పెరూదేశపు టంబోపాటా అడవిలో ఒకే చెట్టుపైనుండి 43 జాతుల చీమలు దొరికినవని 1987లో ఎడ్వర్డ్ విల్సన్ ప్రకటించెను. బ్రిటీషు ద్వీపములన్నిటిలోను స్థిరపడిన చీమజాతుల సంఖ్య ఇంచుమించు ఇంతయే. ఏడాది పొడవున వెచ్చదనము, నేలనుండి చెట్టుకొనవఱకు వేఱువేఱు నివాసములు, చెట్లతోడి పరస్పరసహాయము దీనికి కారణములలో ముఖ్యములు. బెల్టు చూచిన తుమ్మజాతి చెట్టు చీమకు బోలుముండ్లలో ఇల్లును, ఆకుకొనల తిండియు నిచ్చును. చీమ ఆ చెట్టును పశువులనుండియు తీగలనుండియు కాపాడును. చీమలను తొలగించినచో చెట్టు క్షీణించునని 1966లో డేనియల్ జాన్సెన్ ప్రయోగముతో స్థిరపఱచెను. ప్రపంచమున పేరు పెట్టబడిన చీమజాతులు 14 వేలకు పైబడినవి. మన దేశమున ఎనిమిదివందలకు మించినవి.

మన దేశపు చీమల పట్టికను తొలుత కూర్చినవాడు, 1840 ప్రాంతముల నెల్లూరున సివిల్ సర్జనుగా నున్న థామస్ జెర్డన్. దక్షిణ హిందూదేశపు చీమలను గూర్చిన ఆయన వ్యాసము 1851లో మద్రాసు పత్రికయందు వెలువడినది. 1892లో అటవీశాఖోద్యోగియగు రౌటన్ బొంబాయి పత్రికలోను, 1903లో బింగ్‌హామ్ తన మహాగ్రంథములోను ఆ పనిని కొనసాగించిరి. ఇది మన నేలపై జరిగినది, కాని మన భాషలో జరుగలేదు. చీనాదేశమున నారింజతోటలవారు, ఆకులు కుట్టి గూడు కట్టు ఎఱ్ఱచీమల గూళ్లను సంతలో కొని చెట్లకు కట్టి పురుగులను పోగొట్టుచుండిరని క్రీ.శ. 304 నాటిదని చెప్పబడు గ్రంథమున కలదు. ఆ చీమ మన మామిడితోటలలోను కలదు. దానిని కఱచు పీడగా నెఱిగినవారే మనలో హెచ్చు.

జెర్డన్ 1851లో వర్ణించిన చీమలలో గంతులువేయు చీమ యొకటి కలదు. పొడవైన కోరలు, పెద్ద కన్నులు గలిగి, ఎరపై దుముకును. దీని వృత్తాంతము మన సంఘసంస్కారవాదులు వినదగినది. చీమలలో రాణులు, పనివాండ్రు, సైనికులు అను భేదములను ఆంగ్లేయపండితులు కులవాచకమగు కాస్టు అను పదముతోనే పిలిచిరి. అది చూపి, ప్రకృతియే కులములను విధించినది కాదాయని వాదించువారిని మేము వినియున్నాము. వారు ఒక సంగతి నెఱుగరు. చాలజాతులలో రాణియు పనిచీమయు ఒకే విధమైన గ్రుడ్డునుండి పుట్టును. తిండియు పెంపకమును వానిని వేఱుచేయును. జెర్డన్ చీమయందు పెరిగిన పిమ్మటను మార్పు కలుగును. రాణి మరణించినచో పనిచీమలు మీసములతో వారములకొలది పోరాడును. గెలిచినవి గ్రుడ్లు పెట్టనారంభించును. ఏడునెలల ఆయుర్దాయము నాలుగేండ్లకు పెరుగును. మెదడు సుమారు అయిదవవంతు తగ్గును. అట్టిదానిని వేఱుచేసి యుంచినచో మరల పనిచీమయై మెదడు తిరిగి పెరుగునని 2021లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

చీమలనుండి మనుష్యులకు ధర్మశాస్త్రము తీయవలెనని మేము చెప్పుట లేదు. వానికి వాని జీవనము, మనకు మన వివేకము. కాని పుట్టుకయే విధియని చీమను సాక్షిగా పిలుచువారు ఆ సాక్షిని ఒక్కమాఱయినను ప్రశ్నింపవలెను. ప్రశ్నించు విధము కష్టమైనది కాదు. మేరియన్‌కు విశ్వవిద్యాలయము లేదు, బెల్టు గనుల ఇంజనీరు, జెర్డన్ వైద్యుడు. ఒక భూతద్దము, ఒక నోటుపుస్తకము, ప్రతిదినము అరగంట యోపిక యున్నచో మన పెరటిలోని పది జాతుల చీమలను ఒక బాలిక ఏడాదిలో గుర్తుపట్టగలదు. అవి యేమి తినునో, ఏవేళ వెడలునో, ఏ చెట్టునాశ్రయించునో తెలుగున వ్రాసి పెట్టగలదు. అట్టి పుస్తకమును తీసికొని తండ్రి యెదుట నిలిచిన బిడ్డను, ఆడుపిల్లకు పురుగులతో పనియేమని గద్దింపక, కూర్చుండి చదివించుకొని వినుడని మా మనవి.