రచన, రచయిత, ప్రకృతివరణం: డార్విన్ – ఆసా గ్రే సంవాదం

ఉపోద్ఘాతం

జీవపరిణామ సిద్ధాంతానికీ మతానికీ మధ్య సంఘర్షణ అనగానే 1860 జూన్ 30న ఆక్స్‌ఫర్డ్‌లో బిషప్ శామ్యూల్ విల్బర్‌ఫోర్స్‌కూ థామస్ హెన్రీ హక్స్‌లీకీ జరిగిన వాగ్వాదం గుర్తుకు వస్తుంది. ఒక పక్క మతాధికారి, మరో పక్క శాస్త్రవేత్త నిలిచిన ఆ దృశ్యం మనసులో సులువుగా నిలిచిపోతుంది. అయితే ఆ సభలో ఎవరు ఏమన్నారన్న విషయంలో సమకాలికుల కథనాలే ఒకదానితో ఒకటి పొసగవు. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కొత్త సిద్ధాంతం దైవవిశ్వాసంలో ఏ అంశాన్ని కదిలించిందో ఆ సంఘటన వల్ల తెలియదు.

అది తెలియాలంటే చార్లెస్ డార్విన్‌కూ, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రాన్ని బోధించిన ఆసా గ్రేకూ మధ్య సాగిన సంవాదాన్ని పరిశీలించాలి. వారిద్దరూ మిత్రులు. జాతులు మార్పు చెందుతాయని ఇద్దరూ అంగీకరించారు. కాబట్టి వారి మధ్య మిగిలిన భేదం ఈ వివాదపు అసలు కేంద్రాన్ని చూపుతుంది. ప్రకృతివరణం ప్రశ్నించింది ఈశ్వరుని ఉనికిని కాదనీ, రచనను చూసి రచయితను ఊహించే అనుమానాన్ని మాత్రమేననీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పేలీ అనుమానం

విలియం పేలీ 1802లో ప్రకటించిన ‘నేచురల్ థియాలజీ’ ఈ అనుమానానికి ప్రసిద్ధమైన ఆధారం. దారిలో గడియారం కనబడితే దాన్ని చేసినవాడు ఉంటాడని మనం నిశ్చయిస్తాం. గడియారం కంటె సూక్ష్మమైన అమరిక గల కన్నును చూసినప్పుడు కూడా అలాగే నిశ్చయించాలని పేలీ వాదన. న్యాయశాస్త్ర పరిభాషలో చెబితే కన్ను పక్షం, కర్త ఉండడం సాధ్యం, ప్రయోజనానికి తగిన అమరిక హేతువు, గడియారం దృష్టాంతం. అమరిక ఉన్న ప్రతిచోటా బుద్ధిపూర్వకమైన కర్త ఉంటాడన్నది వ్యాప్తి.

కేంబ్రిడ్జ్ విద్యార్థిగా పేలీ రచనల తర్కం తనకు యూక్లిడ్ జ్యామితి ఇచ్చినంత ఆనందాన్ని ఇచ్చిందని డార్విన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1859 నవంబరు 24న వెలువడిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’లో అతడు దెబ్బతీసినది ఈ వ్యాప్తినే. జీవుల సంతానంలో చిన్న చిన్న భేదాలు పుడుతుంటాయి. బ్రతకగలిగిన వాటికన్నా ఎక్కువ జీవులు పుడతాయి. మనుగడకు తోడ్పడే భేదం గలవి ఎక్కువగా నిలిచి, ఆ భేదాన్ని తమ సంతానానికి అందిస్తాయి. ఇది తరతరాలుగా కొనసాగితే ఎవరూ ఉద్దేశించకుండానే ప్రయోజనానికి తగిన అమరిక ఏర్పడగలదు. కర్త లేని చోట కూడా హేతువు ఉండగలదని తేలితే ఆ హేతువుకు వ్యభిచార దోషం పట్టినట్లే. అంతమాత్రాన కర్త లేడని రుజువు కాదు. ఈ హేతువుతో అతడిని సాధించలేమని మాత్రమే తేలుతుంది.

ఆసా గ్రే సమన్వయం

పుస్తకం రావడానికి రెండేళ్ల ముందే, 1857 సెప్టెంబరులో, డార్విన్ తన సిద్ధాంత సారాన్ని గ్రేకు ఉత్తరంలో తెలియజేశాడు. ఆ ఉత్తరంలోని భాగమే 1858 జులై 1న లిన్నేయన్ సొసైటీ సమావేశంలో చదివిన పత్రాలలో ఒకటి. గ్రే క్రైస్తవ విశ్వాసి. శాస్త్రంలో తనదైన పద్ధతిలో డార్విన్ అనుయాయిననీ, తత్త్వంలో ఈశ్వరవాదిననీ, మతంలో నైసీన్ విశ్వాస ప్రమాణాన్ని అంగీకరించినవాడిననీ 1876 నాటి ‘డార్వినియానా’ పీఠికలో అతడు ప్రకటించుకున్నాడు.

1860లో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ప్రచురించిన వ్యాసాలలో గ్రే ఒక సమన్వయాన్ని ప్రతిపాదించాడు. ప్రకృతివరణం భేదాలను ఏరుతుందే తప్ప పుట్టించదు. భేదాలు ఎందుకు పుడతాయో డార్విన్ చెప్పలేదు. కాబట్టి పంటకాలువలో నీటిని మళ్లించినట్లు, భేదాలను ఈశ్వరుడు ప్రయోజనకరమైన మార్గాలలో నడిపించాడని భావించవచ్చునని గ్రే సూచన. ఈ వ్యాసాలను చిన్న పుస్తకంగా వేయించి ఇంగ్లండులో పంచడానికి డార్విన్ స్వయంగా పూనుకున్నాడు. అయినా గ్రే సూచనను మాత్రం అంగీకరించలేదు.

డార్విన్ ఆక్షేపాలు

డార్విన్ అభ్యంతరాలు రెండు. మొదటిది నైతికమైనది. ఇక్న్యుమోనిడే కుటుంబానికి చెందిన కందిరీగలు గొంగళిపురుగుల దేహాలలో గుడ్లు పెడతాయి. పిల్లపురుగులు బ్రతికి ఉన్న గొంగళిపురుగును లోపలి నుంచి తింటూ పెరుగుతాయి. దయామయుడు, సర్వశక్తిమంతుడు అయిన దేవుడు ఇటువంటి ప్రాణిని ఉద్దేశపూర్వకంగా సృష్టించాడని తనను తాను ఒప్పించుకోలేకపోతున్నానని 1860 మే 22 నాటి ఉత్తరంలో అతడు గ్రేకు రాశాడు. విశ్వమంతా కేవలం జడశక్తి ఫలితమని తృప్తిపడలేనని కూడా అదే ఉత్తరంలో ఒప్పుకున్నాడు. నియమాలు సంకల్పితమై ఉండవచ్చుననీ, వాటి వివరాలు మంచికో చెడుకో యాదృచ్ఛికతకు విడిచిపెట్టి ఉండవచ్చుననీ ఒక మధ్యమార్గాన్ని సూచించి, అది కూడా తనకు పూర్తి తృప్తినివ్వడం లేదన్నాడు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ప్రతి భేదాన్నీ ఈశ్వరుడే నడిపిస్తే కందిరీగ క్రౌర్యం కూడా ఆయన ఖాతాలోనే చేరుతుంది. విశ్వాసాన్ని కాపాడడానికి గ్రే చేసిన సూచన ఆ విశ్వాసం మీదే అదనపు భారాన్ని మోపింది.

రెండవ అభ్యంతరం తార్కికమైనది. 1868లో వెలువడిన ‘పెంపుడు జంతువులలో, మొక్కలలో వైవిధ్యం’ అన్న గ్రంథం చివర డార్విన్ ఒక దృష్టాంతం చెప్పాడు. కొండచరియ నుంచి రాలిపడిన రాళ్లను ఏరి ఒక శిల్పి భవనం కట్టాడనుకుందాం. ప్రతి రాయి ఆకారానికీ ప్రకృతి నియమాల ప్రకారం కారణం ఉంది. కాని ఆ కారణానికీ శిల్పి ఉద్దేశానికీ సంబంధం లేదు. పావురాలను పెంచేవారు తమ సరదా కోసం విసనకర్ర వంటి తోక గల రకాన్ని తయారు చేసుకున్నారు. ఎద్దుల మీదికి ఉసిగొల్పే క్రూర వినోదం కోసం బుల్‌డాగ్‌ను పెంపొందించారు. ఆ భేదాలను ఈశ్వరుడు ముందే నిర్దేశించాడని ఎవరూ అనరు. పెంపుడు జంతువుల విషయంలో అనలేని మాటను అడవిలోని జీవుల విషయంలో ఎలా అనగలమని అతని ప్రశ్న. అయితే సర్వజ్ఞుడైన సృష్టికర్త అన్నిటినీ ముందే ఎరిగి ఉండాలి కదా అన్న చిక్కును కూడా అతడు దాచలేదు. స్వేచ్ఛకూ విధికీ మధ్య ఉన్న చిక్కు వంటిదే ఇదీ అని ఆ గ్రంథాన్ని ముగించాడు.

హాడ్జ్ వివేచన

ఈ భేదాన్ని స్పష్టంగా గుర్తించినవాడు డార్విన్ ప్రత్యర్థి కావడం విశేషం. ప్రిన్‌స్టన్ వేదాంత విద్యాలయ ఆచార్యుడు చార్లెస్ హాడ్జ్ 1874లో ‘వాట్ ఈజ్ డార్వినిజం?’ అనే గ్రంథం రాశాడు. డార్విన్ మతంలో పరిణామం, ప్రకృతివరణం, సంకల్ప నిరాకరణ అనే మూడు అంశాలున్నాయనీ, మూడవదే దాని ప్రత్యేక లక్షణమనీ అతడు విశ్లేషించాడు. ఆ మూడవ అంశం కారణంగానే దాన్ని నాస్తికమన్నాడు. సంకల్పాన్ని అంగీకరించిన గ్రేను మాత్రం పరిణామవాదిగానే తప్ప డార్విన్‌వాదిగా లెక్కించలేదు. విశ్వాసంలో డార్విన్‌కు ఎంతో దూరంగా ఉన్న హాడ్జ్, వివాదాంశాన్ని గుర్తించడంలో అతనికి చాలా దగ్గరగా వచ్చాడు.

‘పరిణామం’ అనే మాట

రచన నుంచి రచయితను ఊహించడం భారతీయ దర్శనాలలోనూ వివాదాస్పదమే. మనం తెలుగులో వాడుతున్న ‘పరిణామం’ అనే పదం వెనుక ఆ చరిత్ర ఉంది. సాంఖ్య దర్శనంలో పరిణామమంటే కారణంలో అవ్యక్తంగా ఉన్న కార్యం వ్యక్తం కావడం. పాలు పెరుగు కావడం దానికి ప్రసిద్ధ దృష్టాంతం. దూడ కోసం పాలు స్రవించినట్లు అచేతనమైన ప్రకృతి పురుషుని కోసం ప్రవర్తిస్తుందని సాంఖ్యులు అన్నారు. ఇంత వ్యవస్థ గల జగద్రచన అచేతనం వల్ల పొసగదని బ్రహ్మసూత్రాలు ‘రచనానుపపత్తి’ అనే హేతువుతో వారిని ఖండించాయి. అంటే ఇరుపక్షాలూ జగత్తులో ప్రయోజనం ఉందనే తలచాయి. దానికి చేతన కర్త అవసరమా కాదా అన్నదే వారి తగవు.

డార్విన్ చెప్పిన మార్పులో ముందే దాగి ఉన్న కార్యం లేదు, చేరవలసిన గమ్యం లేదు. ఇంగ్లీషులోని ‘ఎవల్యూషన్’ పదానికి కూడా చుట్టి ఉన్నదాన్ని విప్పడమనే మూలార్థం ఉంది. డార్విన్ 1859 ముద్రణలో ఆ నామవాచకాన్ని వాడలేదు. కాబట్టి ‘పరిణామం’ అనగానే పూర్వనిర్దిష్టమైన వికాసాన్ని ఊహించుకుంటే, గ్రే తర్కబలంతో నిలబెట్టలేకపోయిన సమన్వయాన్ని మనం పదబలంతో నిలబెట్టుకున్నట్లవుతుంది.

ముగింపు

1879లో ఒక జిజ్ఞాసువుకు రాసిన ఉత్తరంలో, ఒక వ్యక్తి గాఢమైన ఈశ్వరవాదిగానూ పరిణామవాదిగానూ ఉండగలడా అన్న సందేహానికి తావే లేదని డార్విన్ స్పష్టం చేశాడు. అందుకు ఉదాహరణగా ఆసా గ్రే పేరు చెప్పాడు. తన మానసిక స్థితికి మాత్రం అజ్ఞేయవాదం అనే పేరే తగినదన్నాడు. ఇరవై ఏళ్ల సంవాదం తరువాత కూడా ఇద్దరూ ఒకే నిర్ణయానికి రాలేదు. ఇద్దరి మైత్రీ చెడలేదు. ప్రకృతివరణం తరువాత కూడా ఈశ్వర విశ్వాసం సాధ్యమేనని గ్రే జీవితం చూపింది. ఆ విశ్వాసానికి కన్ను అమరికనో, పువ్వు నిర్మాణాన్నో సాక్ష్యంగా పిలవడం ఇక సాధ్యం కాదని డార్విన్ తర్కం చూపింది. ఈ రెండు నిర్ణయాలూ పరస్పర విరుద్ధాలు కావని గుర్తించడమే ఈ సంవాదాన్ని అధ్యయనం చేయడం వల్ల కలిగే ప్రయోజనం.