తలమీది దీపం: గండిమైసమ్మ పరిసరాల బోనాల్లో వెలుగు, మనసు

బోనాల మీద మన దగ్గర రాతకు కొదవ లేదు. పోతరాజు కొరడా మీద, రంగం మీద, బలి మీద వ్యాసాలు దొంతరలుగా ఉన్నాయి. బోనం మీద వెలిగే దీపానికి మాత్రం తరచుగా ఒక్క వాక్యమే దక్కుతుంది. అదీ అలంకారాల జాబితాలో, పసుపు కుంకుమల తర్వాత. హైదరాబాద్ శివారులోని బహదూర్‌పల్లి, దుండిగల్, గండిమైసమ్మ చౌరస్తా చుట్టుపక్కల బోనాలను గమనిస్తూ వచ్చిన నాకు ఈ వరసే తలకిందులుగా ఉందనిపించింది. బోనంలో దీపమే ప్రధానం. ఈ సామూహిక కళ మనసుకు చేసే మేలు కూడా దాని వల్లనే జరుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ చిన్నచూపుకు మూలం హెన్రీ వైట్‌హెడ్. మద్రాసు బిషప్‌గా ఉంటూ 1916లో దక్షిణ భారత గ్రామదేవతల మీద ఆయన వెలువరించిన గ్రంథం ఇప్పటికీ మనవాళ్ల వెన్ను వదల్లేదు. తెలుగు ఊళ్లలో బలి ఇచ్చిన జంతువు తలను అమ్మవారి ముందు పెట్టి, దానిమీద దీపం వెలిగించడం ఆయనే నమోదు చేశాడు. అయినా ఆయనకు పట్టింది నెత్తురే. కలరా, మశూచి భయంతో దేవతను శాంతింపజేసుకునే మతంగానే దీన్ని లెక్కగట్టాడు. భయంతో మొదలైందనే అనుకుందాం; సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి కథ కూడా 1813 నాటి కలరాతోనే మొదలవుతుంది. మశూచి 1980 నాటికే ప్రపంచంలో లేకుండా పోయింది. భయమే కారణమైతే భయం పోయాక పండుగ సన్నగిల్లాలి కదా? బోనాలు మాత్రం 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగయ్యాయి.

బోనం ఎత్తే తీరును దగ్గరగా చూడాలి. కుండకు పసుపు పూసి, కుంకుమ, సున్నం బొట్లు పెట్టి, వేపమండలు కడతారు. లోపల అన్నం, మూత మీద ప్రమిద. తలకెత్తుకున్న క్షణం నుంచి బోనమెత్తిన మహిళ నడక మారిపోతుంది: మెడ నిటారు, అడుగు నిదానం, ఒక చేయి కుండకు ఆసరా. గాలి తగిలితే పక్కనున్న ఆడబిడ్డ అరచేయి అడ్డం పెడుతుంది. ఒత్తి కొడిగడితే ఎగదోస్తుంది. నూనె తగ్గితే వెంట వచ్చే పిల్ల సీసా వంచుతుంది. దారి పొడవునా బిందెలతో నీళ్లు తెచ్చి ఆమె కాళ్లమీద పోస్తారు. ఇంట్లో గొంతెత్తని కోడలి కాళ్లకు ఆ పూట అత్త వయసు ఆడవాళ్లు నీళ్లు పోస్తారు.

ఆ దీపాన్ని ఊరంతా చూస్తుంది. మోసే మనిషికి మాత్రం కనిపించదు. వెలుగుతోందో ఆరిందో పక్కవాళ్లను అడిగే తెలుసుకోవాలి. దిగులు పట్టిన మనిషి ముందుగా పోగొట్టుకునేది తననెవరో చూస్తున్నారన్న నమ్మకాన్నే. బోనం ఆ నమ్మకాన్ని నెత్తిన పెట్టి నడిపిస్తుంది.

వెలుగుకూ మనసుకూ సంబంధం అనగానే మనోవైద్యం నార్మన్ రోసెంథాల్ బృందం 1984లో ప్రకటించిన కాంతి చికిత్సను చూపిస్తుంది. ఇప్పటి పద్ధతిలో 10,000 లక్సుల దీపపెట్టె ముందు రోజూ పొద్దున అరగంట కూర్చోవాలి. చలిదేశాల దిగులుకు అది సరిపోవచ్చు. 17 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైనున్న మనకు వేసవి పగటికీ చలికాలపు పగటికీ తేడా రెండు గంటల పైచిలుకే. పైగా ప్రమిద వెలుగు ఆ లెక్కకు ఆనదు. గుడి చుట్టూ సీరియల్ బల్బులు, డీజే బండి మీద ఎల్ఈడీలు మిరుమిట్లు గొలుపుతున్నా ప్రమిదను ఎవరూ మానలేదు. కాబట్టి ఇక్కడ పనిచేసేది కాంతి మోతాదు కాదు, దాని చుట్టూ చేరిన చూపులు.

కుంగుబాటు తీవ్రంగా ఉన్నవాళ్లు అసలు బోనమే ఎత్తలేరన్న అభ్యంతరం ఉంది. అది వైద్యుడి పరిధి. అయితే బెంగళూరులోని నిమ్హాన్స్ నడిపిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. వీళ్లలో మన చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి గడప తొక్కకుండా ఎలా నెట్టుకొస్తున్నారన్న ప్రశ్నకు జవాబు బోనాలు జరిగే ఆషాఢ శ్రావణాల ఆదివారాల్లోనే ఉంది. బహదూర్‌పల్లి కొత్త అపార్టుమెంట్లలో నీళ్లు పోయడానికి వాకిలి లేదు. ఒంటరితనం అక్కడే ముదరడంలో వింత లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ముందుగా ఊరి బోనాల కమిటీతో కూర్చోవాలి. ఈ ఏడు ఏ ఇంటి నుంచి బోనం రాలేదో కమిటీవాళ్లకు పేరుపేరునా తెలుసు. అంతకు మించి చెప్పగల ప్రశ్నావళి ఏ మనోవైద్యుడి దగ్గరా లేదు.