కుష్ఠు క్రిమి ఆనవాలు ఎలా దొరికింది?

చంద్రపూర్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే దారిలో వరోరా వస్తుంది. అక్కడి ఆనందవన్ పేరు మన జిల్లాలో తెలియనివారు లేరు. వరోరాలో వకీలుగా పనిచేసిన మురళీధర్ దేవిదాస్ ఆమ్టే, అంటే మన బాబా ఆమ్టే, కుష్ఠు రోగుల కోసం 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించారు. ఆయన సేవ గురించి అందరూ చెబుతారు. ఆ రోగం క్రిమిని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు పడిన పాట్లు మాత్రం తక్కువ మందికి తెలుసు.

ప్రతి బాక్టీరియాలో కొన్ని పదార్థాలను మన శరీరం పరాయివిగా గుర్తుపట్టి, వాటికి ఎదురుగా ప్రతిదేహాలు తయారు చేస్తుంది. ఆ పదార్థాలనే ప్రతిజనకాలు అంటారు. వాటిని విడదీసి తీయగలిగితే రక్తపరీక్షలు చేయొచ్చు. అయితే ముందు బాక్టీరియాను కుప్పలుగా పెంచాలి.

కుష్ఠు క్రిమితో చిక్కు ఇక్కడే వచ్చింది. నార్వే డాక్టర్ హాన్సెన్ దాన్ని 1873లోనే సూక్ష్మదర్శినిలో చూశాడు. కానీ ఈనాటికీ గాజుపాత్రలో దాన్ని ఎవరూ పెంచలేకపోయారు. కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకే రెండవుతాయి. ఇది రెండవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే జపాన్ డాక్టర్ మిత్సుదా 1919లో రోగుల చర్మపు బుడిపెలనే ఉడికించి, నూరి, చర్మపరీక్షకు మందు చేశాడు. దాని పేరు లెప్రొమిన్. అది రకరకాల పదార్థాల మిశ్రమం. దానితో రోగం ఉందో లేదో తేల్చలేం.

క్రిమి పెరగాలంటే బతికిన ఒళ్లే కావాలి. బాబా ఆమ్టే కలకత్తాలో కుష్ఠు వైద్యం నేర్చుకునేటప్పుడు, ప్రయోగం కోసం ఆ క్రిములను తన ఒంట్లోకే ఎక్కించుకున్నారని చెబుతారు. ఆయనకు రోగం రాలేదు, ప్రయోగమూ ఫలించలేదు. కానీ జనం దగ్గరికి రావడానికే భయపడిన రోజుల్లో అది ఎంత ధైర్యమో ఆలోచించండి!

1960లో అమెరికాలో షెపర్డ్ ఎలుక పాదంలో ఈ క్రిమిని పెంచాడు. కానీ దొరికింది కొంచెమే. 1971లో కిర్క్‌హైమర్, ఎలియనార్ స్టోర్స్ ఆర్మడిల్లో అనే జంతువును వాడారు. దాని ఒళ్లు మన ఒంటికన్నా చల్లగా ఉంటుంది, ఈ క్రిమికి చల్లదనం ఇష్టం. దాని కాలేయంలో క్రిములు కోట్లకొద్దీ పెరిగాయి.

1980 ప్రాంతంలో కొలరాడోలో ప్యాట్రిక్ బ్రెన్నన్ బృందం ఆ కణజాలం నుంచి ద్రావకాలతో కొవ్వులను తీసి, ఒక్కొక్కటిగా వేరు చేసింది. అందులో కొవ్వుకు మూడు చక్కెరలు అతుక్కుని ఉన్న ఒక పదార్థం దొరికింది. దాని పేరు ఫినోలిక్ గ్లైకోలిపిడ్-1. ఆ చక్కెరల వరస క్షయ క్రిమిలో లేదు. కాబట్టి అది కుష్ఠుకు మంచి ఆనవాలు అయింది.

అయినా ఈ పరీక్షకు ఒక లోటుంది. క్రిములు ఎక్కువున్న రోగుల్లో ప్రతిదేహాలు బాగా కనబడతాయి, తక్కువున్నవారిలో చాలాసార్లు కనబడవు. అందుకే స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే దాచకుండా డాక్టరుకు చూపించాలి. ఈ రోగం మందులతో పూర్తిగా నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పూర్వం దీన్ని పాపఫలం అనేవారు. అది పాపం కాదు, ఒక క్రిమి మాత్రమేనని ఈ చరిత్ర మనకు చెబుతోంది.