నేల వ్రాసిన లెక్క

మన గ్రంథాలయమున చదివి పెరిగి విశ్వవిద్యాలయములకు వెళ్లిన, వెళ్లనున్న విద్యార్థులకు ఈ రజతోత్సవ సంచిక మూలమున పురాతత్త్వ శాస్త్రమును గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిని. పురాతత్త్వమనగా లంకెబిందెల వేట యని పల్లెలలో పలువురి తలంపు. అది సరికాదు. వస్తువు దొరకుట కంటె, అది ఎచట, ఎంత లోతున, ఏ వస్తువుల సరసన దొరకెనో వ్రాసికొనుటయే ఈ శాస్త్రమునకు ప్రాణము. గ్రామపు లెక్కలు వ్రాయు వృత్తిలో నున్న నాకు ఈ సంగతి సులభముగా బోధపడినది. సర్వే నంబరు, నాలుగు హద్దులు, విస్తీర్ణము లేని కాగితము ఏ పొలమునకు చెల్లును? తావు తెలియని విగ్రహముగాని, నాణెముగాని చరిత్రకు అట్టిదే.

జనులు కాపురమున్న నేల పొరలుపొరలుగా పెరుగును. ఒక ఇల్లు కూలిన దిబ్బపై మరియొకటి లేచును. కలత చెందని చోట అడుగు పొర పాతది, పై పొర క్రొత్తది. అయితే తరువాతివారు ధాన్యమునకు పాతర త్రవ్వినచో క్రొత్త పెంకు పాత పొరలోనికి దిగును. అందుచేత పరిశోధకులు నేలను చదరములుగా విభజించి, నడుమ గట్లు విడిచి త్రవ్వుదురు. ఆ గట్ల ప్రక్కలను పొరల రంగులును పాతరల అంచులును స్పష్టముగా కనబడును. ప్రతి పెంకునకును పొర సంఖ్య వేసి భద్రపరతురు.

ఈ పద్ధతికి దక్షిణాపథమున మంచి నిదర్శనము కలదు. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి చెంత అరికమేడునందు రోము దేశపు పాత్రల పెంకులను, వానితోపాటు గీతల వరుసలుగల పళ్లెముల పెంకులను కనుగొనెను. రోము పాత్రల కాలము తెలిసినదే గనుక పళ్లెముల కాలమునకును ఆధారము చిక్కెను. 1947లో కర్ణాటకమునందలి బ్రహ్మగిరిలో త్రవ్వగా పై పొరలో అట్టి పళ్లెములే కనబడెను. దాని క్రింద ఇనుము వాడి, పెద్ద రాళ్లతో సమాధులు కట్టినవారి పొర. దానికిని క్రింద నునుపు రాతిగొడ్డళ్లవారి పొర. వ్రాత యెరుగని జనులకు ఇట్లు వరుస యేర్పడెను.

రాతిగొడ్డళ్లవారి ఆరంభమును వీలర్ క్రీ.పూ. 1000 ప్రాంతమున నుంచెను. అటుపిమ్మట బొగ్గులోని కార్బన్-14 ఎంత తరిగినదో చూచి కాలము లెక్కించు విధానము వచ్చెను. ఆ ద్రవ్యము దాదాపు 5,730 ఏండ్లకు సగమగును. 1957లో రేమండ్ ఆల్చిన్ పాలమూరు సీమలోని ఉట్నూరు బూడిద దిబ్బను త్రవ్వెను. అచటి బొగ్గు పరీక్ష ఆ జనుల కాలమును క్రీ.పూ. మూడవ సహస్రాబ్దికి కొనిపోయెను. వీలర్ వేసిన అంకె మారెను గాని వరుస నిలిచెను. పొరల లెక్క సరిగా వ్రాయబడి యుండుటయే దీనికి కారణము.

లెక్క లేక కలిగిన నష్టమునకు కృష్ణాతీరమందలి అమరావతి స్తూపము సాక్షి. 18వ శతాబ్ది చివర రాళ్లకును ఇటుకలకును ఆ దిబ్బను త్రవ్విరి. 1816లో కాలిన్ మెకంజీ మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడి యుండెను. ఆయన వ్రాయించిన చిత్రపటములే నశించిన పెక్కు శిలలకు నేడు మిగిలిన యాధారము. నిలిచిన శిలలలో అనేకము చెన్నపట్టణమునకును లండనునకును చేరినవి.

అదే నదిపై నాగార్జునకొండ కథ వేరు. లోయ జలాశయమున మునుగునని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున విస్తృతముగా త్రవ్వి, కొలిచి, పటములు గీసిరి. కొన్ని కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించిరి. ఇక్ష్వాకుల విజయపురి నీట మునిగినను దాని చరిత్ర మునుగలేదు. త్రవ్విన పొరను తిరిగి పేర్చుట ఎవ్వరి తరమును గాదు. కాగితముపై నిలిచినదే మిగులును.

మన చుట్టునే నేలకొండపల్లి బౌద్ధ స్తూపమును, 1882లో బర్జెస్ పరిశోధించిన జగ్గయ్యపేట స్తూపమును, గోదావరి యడవులలో జానంపేట యొద్ద జనులు రాకాసి గూళ్లని పిలుచు ప్రాచీన సమాధులును కలవు. పెనుగంచిప్రోలున జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు పూనుకొన్నవారిలో నొకరు. ఆయన పేర వెలసిన పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనములను ప్రకటించెను. ఆ కృషిలో మధిర ప్రాంతపు దెందుకూరున పుట్టిన ఆదిరాజు వీరభద్రరావు ముఖ్యులు. గ్రంథాలయమునకును శాసనములకును ఉన్న చుట్టరికము మనకు క్రొత్తది కాదు.

నేడు యంత్రములు ఒక్క పూటలో ఒక దిబ్బను చదును చేయగలవు. కావున విద్యార్థులారా! సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పొలముగట్టున పాత రాయి కనబడినచో పెకలింపకుడు. శాసనమునకు సున్నము వేయనీయకుడు. ప్రక్కన కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీసి, సర్వే నంబరును హద్దులును వ్రాసి, తహసీలుదారునకును పురావస్తు శాఖకును తెలుపుడు. ఆ వివరముల ప్రతి యొకటి మన గ్రంథాలయమున నుంచుటకు ఈ యేడే ఒక దాఖలా పుస్తకము తెరువవలెనని నా మనవి. దానికి ఖర్చు స్వల్పము. అది లేనిచో పోవునది మరల రాదు.