అడ్డపొగ

చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోటి లోపల ఉంచుకుని పొగ పీల్చే అలవాటును అడ్డపొగ అంటారు. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో ఇది తరతరాలుగా ఉంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అంగిలి క్యాన్సర్‌కు ప్రధాన కారణాల్లో ఒకటిగా దీన్ని వైద్యశాస్త్రం గుర్తించింది.

తాగే తీరు

చుట్ట అంటే ఎండిన పొగాకును చేత్తో చుట్టినది. ముట్టించాక ఒకటి రెండు దమ్ములు మామూలుగా లాగి, చుట్టను తిప్పి నిప్పు వైపు నోట్లోకి పోనిస్తారు. పెదవులు బిగిస్తారు. బయటి కొస నుంచి లోపలికి వెళ్లే గాలే నిప్పును ఆరనివ్వదు. ఎంగిలితో తడిసిన చుట్ట నెమ్మదిగా కాలుతుంది కాబట్టి ఒక్కొక్కటి పావుగంట పైదాకా వస్తుంది. నుసిని కొంత ఉమ్మేస్తారు, కొంత మింగేస్తారు.

ఈదురుగాలికీ వానకూ చుట్ట ఆరిపోదని, పని చేసుకుంటుంటే నిప్పురవ్వ ఒంటి మీద పడదని తాగేవాళ్లు చెబుతారు. పంటినొప్పికి ఉపశమనమని మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. చాలామంది ఆడవాళ్లకు ఇది తల్లినో అమ్మమ్మనో చూసి వచ్చిన అలవాటు. సార్డీనియా, పనామా, కొలంబియా, వెనెజులా, కరీబియన్ దీవులు, ఫిలిప్పీన్స్‌లలో కూడా ఇలా తాగేవాళ్లు ఉన్నట్టు నమోదైంది. కరీబియన్ దీవుల్లో చుట్టకు బదులు సిగరెట్టును కూడా తిప్పి తాగుతారు.

పరిశోధన చరిత్ర

1937లో ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో క్యాన్సర్ సమస్యపై రాసిన వ్యాసం ఈ విషయంలో తొలి రచనల్లో ఒకటి. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్ర అంగిలి క్యాన్సర్‌కు కారణం నిప్పు లోపల పెట్టి చుట్ట తాగడమేనని వ్యాసం శీర్షికలోనే చెప్పారు. 1960లలో కరీబియన్ ప్రాంతంలో క్విగ్లీ బృందం ఇలా తాగేవారి నోట్లో వేడిని కొలిచింది. నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా, అంగిలి పొర 58 డిగ్రీల దాకా వేడెక్కుతుందని తేలింది.

ఆసుపత్రికి వచ్చిన రోగులను దాటి ఊళ్లలోకి వెళ్లిన అధ్యయనం పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా బృందానిది. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే.

నోటిపై ప్రభావం

పొగాకు నమిలేవారికి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల వస్తుంది. గట్టి అంగిలికి రావడం అరుదు. అడ్డపొగ తాగేవారిలో వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే కాబట్టి ఆ అరుదైన చోటే ఎక్కువగా దెబ్బతింటుంది. మొదట అంగిలి పాలిపోయి తెల్లబడుతుంది. దాని మీద చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా లేచి కనిపిస్తాయి. కొన్నిచోట్ల రంగు ముదురుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా పోతుంది. ఎర్రటి మచ్చలు, మానని పుండ్లు వస్తే ప్రమాదం దగ్గరపడినట్టే. అడ్డపొగ తాగేవారి అంగిలి మార్పులను క్యాన్సర్‌గా మారే అవకాశమున్న నోటి రుగ్మతల జాబితాలో నిపుణులు చేర్చారు. పళ్లు నల్లబడడం, చిగుళ్లు చెడడం దీనికి అదనం.

నివారణ

శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిపై జరిగిన అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. పొగాకు మానమని ప్రచార సాధనాల ద్వారా, మనిషికి మనిషి చెప్పడం ద్వారా చేసిన ప్రయత్నంతో మానేసినవారు, తగ్గించినవారు పెరిగారు. నోట్లో కొత్తగా తెల్లమచ్చలు రావడం తగ్గింది. మానేస్తే తొలిదశ మార్పులు చాలావరకు వెనక్కి తగ్గుతాయి. అయితే తొలిదశలో నొప్పి ఉండదు, ఎవరి అంగిలి వారికి కనిపించదు. అందుకే ఊరికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి చూడడం ఈ ప్రాంతంలో ముఖ్యమైన పరీక్ష.